గొర్రె నీడ చాలు

మార్కాపురం మెయిన్ బజారులో చెడ్డ బేరాలు చేసినవాళ్ళకు కొదవ లేదు. పలకరాయి పడుతుందని క్వారీ తీసుకుని వాననీళ్ళు తోడుకుంటూ కూర్చున్నవాళ్ళు ఉన్నారు. మిర్చి నిల్వపెట్టి తుమ్ములు మిగుల్చుకున్నవాళ్ళు ఉన్నారు. కానీ అమ్ముడుపోని సరుకని కొనకముందే తెలిసి, తెలిసి కూడా కొని, ఆటోలో ఎత్తించుకుని ఊరందరికీ కనపడేలా ఇంటికి తెచ్చుకున్నది నేనొక్కణ్ణే. ఈ విషయంలో నాకు పోటీ వచ్చేవాడు ఇంకా పుట్టలేదు.

తెచ్చింది సెల్‌ఫోన్లు. గుంటూరులో ఎవరో దుకాణం ఎత్తేస్తూ లాటుగా వదిలించుకుంటున్నారు. నేను సరదాకి ఒక ధర అడిగాను. అంతకు ఇవ్వరన్న ధీమాతోనే అడిగాను. ఇచ్చేశారు. మనం అడిగిన ధరకు ఎదుటివాడు ఒప్పుకున్నాక ఉత్తచేతులతో వెనక్కి రావడం మా ఇంట్లో లేదు. ఫోన్లు పెట్టెలు కూడా విప్పనివి, ఒకటి విప్పి చూస్తే నిగనిగలాడుతోంది. కాకపోతే ఒక వీడియో నడిస్తే అరచేయి కాలుతుంది. రెండో వీడియోకి ఫోనే కళ్ళు మూసుకుంటుంది.

మా తాత పెట్టిన కిరాణా కొట్టు ఇప్పుడు మా నాయనది. దాని ముందు భాగంలో అద్దాల కౌంటరు ఒక్కటి నాది. నా పేరు మీద ఈ భూమ్మీద ఉన్న జాగా అంతే. నాయన ఆ ఫోన్ల అట్టపెట్టెల వైపు చూసి ఒకే మాట అన్నాడు.

"ఉగాదికల్లా ఇవి పోకపోతే నీ అద్దాల కౌంటరు తీసేసి ఆడ ప్లాస్టిక్ బకెట్లు పెడతా. బకెట్టన్నా వేడెక్కదు."

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయినవారం కంభం వైపు ఒక గొర్రెల సంతకు వెళ్ళాను. టీ బంకు దగ్గర నిలబడ్డాను. పక్కన ఒక ముసలాయన చొక్కా జేబులోంచి ఆడగొంతు ఒకటి పలికింది.

"అందింది నాయనా. ఆగు, నీ వంతు వస్తాది."

ముసలాయన జేబు వైపు చూసి, "సరేమ్మా," అన్నాడు. నేను టీ వదిలేసి అటు తిరిగాను. ఆ గొంతు నాకు తెలుసు. ఆ గొంతుతో నేను బేరమాడాను. ఓడిపోయాను కూడా.

ఆమె మొదటిసారి మా దుకాణానికి వచ్చినప్పుడు తలకు పెట్టుకోవాల్సిన హెల్మెటు మోచేతికి సంచీలా వేలాడుతోంది. నేత చీర, కాళ్ళకు పరుగుపందెం బూట్లు. చేతిలో ఫోను, ఫోను చుట్టూ తడి రుమాలు. జ్వరం పిల్లకు వేసినట్టు ఫోనుకు తడిగుడ్డ వేసిన మనిషిని అంతకుముందు నేను చూడలేదు.

"శెట్టీ, ఈ ఫోను వేడెక్కుతాదా?"

"లేదమ్మా. ఫ్రిజ్జులో పెట్టినట్టు ఉంటాది."

"అయితే వద్దులే," అని ఆమె వెనక్కి తిరిగారు. "నాకు వేడెక్కేది కావాల. బుర్ర తక్కువది. ఊరికే ఆగిపోయేది."

మూడు తరాల వ్యాపారంలో మాకు ఎదురుకాని గిరాకీ ఇది. "అమ్మా, ఉన్నదున్నట్టు చెప్తా," అన్నాను. "ఇంతకంటే పనికిమాలిన ఫోను ఒంగోలు దాకా పోయినా దొరకదు." సరుకు గురించి నిజం చెప్పి అమ్మడం నాకు అదే మొదటిసారి. నాలుక కొత్తగా తిరిగింది.

అప్పుడు కూర్చున్నారు. ఊళ్ళో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తారట. పుట్టింది కంభం అవతల పల్లె. వాళ్ళ నాయన కూలికి ఊరివాళ్ళ గొర్రెలు మేపేవాడు, ఆదివారం ఒక్కపూట మాత్రం గొర్రెల్ని ఇంకొకరికి అప్పగించి చర్చికి పోయేవాడు. ఆమెకు గొర్రెలూ తెలుసు, కంప్యూటర్లూ తెలుసు. తెలియనిది ఒక్కటే, నెమ్మదిగా మాట్లాడటం.

"మీ నాయన బస్తా మోస్తాడా?" అని అడిగారు.

"లేదు. హమాలీ మోస్తాడు."

"మరి మీ నాయనేం చేస్తాడు?"

"చీటీ రాసిస్తాడు. ఏ బస్తా, ఎక్కడికని."

"అంతే కద. ఫోను చీటీ రాస్తాది. బస్తా ఇంకొకరు మోస్తారు." అని నా లాటులోంచి ఒక ఫోను తీసి బుగ్గకు ఆనించుకున్నారు. ఎంత వేడి ఎక్కుతుందో చూడ్డానికి. ఎక్కేకొద్దీ ఆమె ముఖం వెలిగింది.

విషయం ఇదీ. మా వైపు సంతల్లో గొర్రె బరువు కొనేవాడి అరచేతిలో ఉంటుంది. వెన్నుమీద చెయ్యి వేసి నొక్కి ఇంత అంటాడు. ఆ అరచెయ్యి ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతుంది. ఎటువైపో చెప్పనక్కర్లేదు, నాకూ అరచేతులున్నాయి. మేడం ఒక ఉపాయం కట్టారు. గొర్రెను ఫోనుతో చుట్టూ తిరిగి వీడియో తీస్తే బరువు చెప్తుంది. కానీ ఆ లెక్క చాలా పెద్దది. కాపరులు కొనగలిగే ఇలాంటి చవక ఫోనులో ఆ లెక్క తేలేలోపు గొర్రె ఈనుతుంది. అందుకని ఒక పెద్ద కంప్యూటరును ట్రాలీ ఆటోలో ఎక్కించి, బ్యాటరీ పెట్టి, సంతలో నిలబెడతారు. ఫోన్లు వైఫై మీద లెక్కను దానికి అప్పగిస్తాయి. అది చిటికెలో చేసి జవాబు పంపుతుంది. కొండవార సంతలో నెట్ సిగ్నలు నిలవదు కాబట్టి ఏది జరిగినా ఆ మైదానంలోనే, ఆ గాలిలోనే జరగాలి.

"ఆ గాలికి బాడుగ ఎంత మేడం?" అన్నాను.

"బాడుగ లేదు శెట్టీ. ఆ గాలి ఎవురూ కొన్నది కాదు. నువ్వూ వాడుకోవచ్చు, టీ బంకోడి వైఫై కెమెరా వాడుకోవచ్చు, నా ఆటో వాడుకోవచ్చు. సుఖమూ అదే, పీకులాటా అదే." ఈ మాట చెప్తూ పీకులాట అన్నచోట ఆమె కళ్ళు మెరిశాయి, మిఠాయి పేరు చెప్పినట్టు.

ధర దగ్గరికి వచ్చాం. మా వైపు పశువుల బేరం తువ్వాలు కింద జరుగుతుంది. ఇద్దరి చేతులమీద తువ్వాలు కప్పుకుని వేళ్ళు పట్టుకుంటారు. ఒక్కో వేలికి ఒక్కో ధర. పక్కన ఎంతమంది ఉన్నా ఒక్కరికీ తెలియదు. నోట మాట ఉండదు. వేలు నొక్కుతావు, ఎదుటివాడు కదలకపోతే మెత్తబడుతున్నాడని అర్థం, ఇంకోసారి నొక్కుతావు. నేను అలవాటుగా భుజం మీది తువ్వాలు తీసి, ఆడమనిషని గుర్తొచ్చి మళ్ళీ వేసుకున్నాను.

ఆమె చూసి నవ్వారు. "చిన్నప్పుడు మా నాయన పక్కన నిలబడేదాన్ని. తువ్వాలు బయటకు తీస్తానే, పో పాపా, గొర్రెల కాడికి పో అనేవాళ్ళు. దాని కింద ఏం జరుగుతాదో చూడాలని నాకు శానా ఆశ. ఎవురూ చూడనియ్యలా. అందుకే నా తువ్వాలు నేనే నేసుకున్నా."

తన ఫోను, నా ఫోను పక్కపక్కన పెట్టారు. ఎవరి ధర వాళ్ళు నొక్కాలి. ఎదుటివాడిది కనపడదు. "దూరం" అని వస్తుంది, లేదా "దగ్గర" అని వస్తుంది. నేను నిజమైన ధరకు ఎంతో పైన మొదలుపెట్టాను. దూరం. కాస్త దిగాను. దూరం. ఇంకొంచెం దిగి, నా లాభాన్ని గట్టిగా పట్టుకుని నొక్కాను. "కలిసింది" అని వచ్చింది. ఇంత తొందరగానా అని నాకు లోపల పండగ. చదువుకున్నవాళ్ళకు బేరం రాదని మనసులో ఒక తీర్మానం కూడా చేసుకున్నాను.

"ఇది నేను కాపరుల సొసైటీకి చెప్పే ధర," అన్నారామె. "సంతలో పనిజేస్తే లాటంతా వాళ్ళు కొంటారు. పనిజేయకపోతే నీ పెట్టెలు నీకు."

నా కౌంటరు ఆ క్షణాన ఆ ట్రాలీ ఆటో ఎక్కింది.

మొదటి సంత గిద్దలూరు అవతల. తెల్లారేసరికి కాపరులు ఒక్కొక్కరికీ నా ఫోను ఒకటి ఇచ్చాం. మేడం ఆటో మీద నిలబడ్డారు, నేను కింద తువ్వాలు దులుపుకుంటూ. మొదటి గొర్రెకు బరువు వచ్చింది. రెండోదానికి వచ్చింది. జనం మూగారు. అందరూ ఒక్కసారి వీడియోలు తీసి నొక్కారు. అంతే, ఎవరికీ ఏమీ రాలేదు. ఆటోలో కంప్యూటరు ఫ్యాను గుయ్యిమంటోంది, ఫోన్లు కాలుతున్నాయి. కాపరులు ఫోన్లు తల మీదికెత్తి మరీ నొక్కుతున్నారు.

సొసైటీ పెద్దాయన మీసం దువ్వుకుంటూ వచ్చాడు. "ఏంది శెట్టి, చలి కాచుకోడానికి అమ్ముతాండావా ఇవి?"

నేను మేడం వైపు చూశాను. ఏడుస్తారనుకున్నాను. ఆమె ఆటో అంచు పట్టుకుని ముందుకు వంగి, తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కిన పిల్లలా ఉన్నారు. "చూడు శెట్టీ, ఎంత బాగా చెడిపోతాందో చూడు. ఒకరి మాట మీద ఒకరి మాట పడతాంది. ఒక్కటి గూడా పూర్తిగా నా దాకా రావట్లా."

"మేడం, నా కౌంటరు."

"నీ కౌంటరు ఏడికీ పోదు. మాట కలిసిపోయినప్పుడు ఫోను కాసేపు ఆగి మళ్ళా చెప్పాల. ఆగడం ఫోనుకు నేర్పినా. మళ్ళా కలిసిపోతే ఇంకొంచెం ఎక్కువసేపు ఆగుతాది. అది బుద్ధిగానే ఆగుతాంది. మనిషి ఆగడంలా. ఆగకుండా కొత్తగా నొక్కుతాండాడు. ఎందుకు నొక్కుతాండాడు?"

పెద్దాయన మధ్యలో వచ్చి, "వచ్చే సంతకు ఇంకొక్కసారి చూస్తాం. ఆపైన లేదు," అని వెళ్ళిపోయాడు.

ఆ ప్రశ్నకు జవాబు నా కళ్ళెదురుగా ఉంది. ఒక కాపరి బొటనవేలితో ఫోను నొక్కుతున్నాడు. నొక్కి, ఆగి, కళ్ళు చిన్నవి చేసి ఫోనును చూస్తున్నాడు. మళ్ళీ కాస్త గట్టిగా నొక్కుతున్నాడు. ఆ చూపు నాకు పుట్టినప్పటినుంచీ తెలిసిన చూపు.

"మేడం, ఆయన బేరమాడతాండాడు."

"ఎవురితో?"

"ఫోనుతో. అది పలకట్లేదు కద. పలకలేదంటే మెత్తబడతాందని. ఇంకో నొక్కు నొక్కితే దిగొస్తాదని."

ఆమె ఆటో మీదినుంచి దిగారు. దిగి అక్కడే, గొర్రెల పెంటికల మధ్యలో, చీరతో సహా కూలబడి నవ్వారు. హెల్మెటు దొర్లిపోతే ఒక మేక దాన్ని వాసన చూసింది. "అన్నీ లెక్కేసినా శెట్టీ," అన్నారు నవ్వు ఆగాక. "టీ బంకు కెమెరాను లెక్కేసినా, బస్టాండు వైఫైని లెక్కేసినా. మా నాయన తువ్వాలును మాత్రం లెక్కెయ్యలా."

ఆ వారమంతా ఆమె మా దుకాణం ముందు బెంచీ మీదే. ఫోనుకు తడి రుమాలు, తనకు సోడా. రెండు పనులు చేశారు. మొదటిది గొర్రె బరువును తగ్గించడం, అంటే గాలిలో. ఇంతకుముందు ఫోను వీడియో మొత్తం ఆటోకు పంపేది. అందులో గొర్రెతోపాటు దుమ్ము, పంచెలు, వెనక బస్సు, అన్నీ పోయేవి. ఇప్పుడు గొర్రె అంచును మాత్రం కత్తిరించి పంపేలా చేశారు. ఆ మాత్రం పని నా ఫోను బుర్రకు కూడా సరిపోయింది. "గొర్రెను పంపబాక," అని ప్రతి ఫోనుకూ చెప్పినట్టు గొణుక్కునేవారు. "గొర్రె నీడ చాలు. మిగతాది ఆడ చూసుకుంటారు." మా నాయన వింటూ ఉండేవాడు. ఒకరోజు నేను గిరాకీకి సరుకు చరిత్రంతా చెప్తుంటే లోపలినుంచి కేకేశాడు, "ఒరేయ్, నీడ చాలు."

రెండో పని, ఫోనుకు గొంతు పెట్టడం. నొక్కగానే పలకాలి. పలికితే ఎదుటివాడు బిగిసే ఉన్నాడని అర్థం, ఇంక నొక్కరు. మొదట నా గొంతు తీసుకున్నారు. విని పెదవి విరిచారు. "నీ గొంతులో అమ్మకం వినపడతాంది. ఆగమంటే ఇంకా గుంజుతారు." తర్వాత కళ్ళు మూసుకుని, మందను మలుపు దగ్గర నిలిపే మనిషి పలికినట్టు, తనే పలికారు.

"అందింది నాయనా. ఆగు, నీ వంతు వస్తాది."

రెండో సంత రోజు వచ్చింది. నాయన అప్పటికే బకెట్లు తెప్పించి నా కౌంటరు పక్కన దొంతరగా దించాడు. జనం ఈసారి ఇంకా ఎక్కువ వచ్చారు, మేము మళ్ళీ చెడిపోవడం చూడాలని కొందరు. కాపరులు తీశారు, నొక్కారు. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత సంతలో ఒక మూలనుంచి, ఇంకో మూలనుంచి, జేబుల్లోంచి, పిడికిళ్ళలోంచి, గొర్రెల మధ్యలోంచి ఆమె గొంతు లేచింది. అందింది నాయనా. అందింది నాయనా. మైదానం నిండా ఒకే మనిషి అందరికీ విడివిడిగా జవాబు చెప్తున్నట్టు.

"సరే తల్లీ," అన్నాడు ఒక ముసలాయన ఫోనుతో.

"ఎంతసేపమ్మా?" అని అడిగాడు ఇంకొకాయన. బొటనవేలు ఊరుకోకపోతుంటే ఎడమచేత్తో దాన్ని పట్టుకుని వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

బరువులు రావడం మొదలయ్యాయి. ఒకటి, ఇంకొకటి, వరసగా. కొనేవాళ్ళలో ఒకడు నమ్మలేదు. తూకం కాటా తెచ్చి కొక్కేనికి పొట్టేలును వేలాడదీశారు. అది కాళ్ళు కొట్టుకుంటుంటే ముల్లు ఊగి ఊగి ఆగింది. ఫోను చెప్పిన చోటికి దగ్గరగానే ఆగింది. కొనేవాడు తన అరచెయ్యిని తనే తిప్పి చూసుకున్నాడు. జనంలో ఈలలు. ఆటో మీద మేడం రెండు చేతులూ తలమీద పెట్టుకుని, పరుగుపందెం బూట్లతో ఉన్నచోటే గెంతుతున్నారు. ఆటో ఊగుతోంది.

పెద్దాయన నా దగ్గరికి వచ్చి భుజం మీది తువ్వాలు లాగాడు. "రా శెట్టి. లాటుకు మాట్లాడదాం."

"ధర మేడంతో మాట అయిపోయింది కద పెద్దాయనా."

"అది మీ ఫోన్ల మాట. సంతలో సరుకు తువ్వాలు కిందనే పోవాల." అని, కాస్త ఆగి, ఆటో వైపు చూశాడు. "అక్కా, నువ్వు గూడా రా. నీ సరుకు గూడా కద. చెయ్యి పెట్టు."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె దిగి వచ్చారు. చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని తువ్వాలు కింద పెట్టారు.

మూడు చేతులు. నేను నా ధరకు వేళ్ళు చాపాను. అందులో చిటికెనవేలు నా లాభం, మిగతావి నేను కొన్న ధర. పెద్దాయన నా వేళ్ళు తడిమాడు, కదల్లేదు. మెత్తబడుతున్నాడని నేను ఇంకా బిగించి నిలబడ్డాను. అప్పుడు ఒక చెయ్యి వచ్చి నా చిటికెనవేలిని నెమ్మదిగా లోపలికి మడిచింది. పెద్దాయన చేతులు గొర్రెబొచ్చులా గరుకు. ఈ చెయ్యి నునుపుగా, చల్లగా ఉంది. తడి రుమాలు చలువ.

తల ఎత్తి చూశాను. మేడం దూరంగా కొండల వైపు చూస్తున్నారు, తనకేమీ సంబంధం లేనట్టు. పెదవి మాత్రం లోపలికి కొరుక్కున్నారు. ఆ చెయ్యి కూడా ఒకవైపే మొగ్గింది, కాపరుల వైపు. నేను ఆ వేలిని తిరిగి చాపవచ్చు. చాపలేదు.

"ఖాయం," అన్నాడు పెద్దాయన. తువ్వాలు తీసేశాడు.

ఆమె ఆ తువ్వాలు తీసుకుని, మడతపెట్టి, హెల్మెటులో పెట్టుకున్నారు. "ఇది నాకు కావాల శెట్టీ," అన్నారు. అడిగినట్టు కాదు, చెప్పినట్టు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఊరు వదిలారు. ఇప్పుడు ఎక్కడో సముద్రం మీద చేపల పడవల మధ్య గాలిని పంచుతున్నారని విన్నాను. అక్కడ పడవలతో ఏ భాషలో ఆగమంటున్నారో.

ఆరోజు దుకాణానికి వచ్చి నాయన ముందు బిల్లు చదివాను. సరుకు, కొన్న ధరకే పోయింది. గుంటూరునుంచి ఆటో బాడుగ, నా మీద. రెండు సంతల టీలు, నా మీద. తువ్వాలు ఒకటి, పోయింది. లాభం ఒక వేలు ఉండేది, మడిచేశారు.

"ఎవురు?"

"మేడం."

"ఆడమనిషి తువ్వాలు కింద చెయ్యి పెట్టిందా?"

"పెట్టింది."

"ఆ చెయ్యి ఎవురిదో తెలిసి గూడా ఊరుకున్నావా?"

"ఊరుకున్నా."

"అంటే నష్టమే కదరా."

"నష్టమే నాయనా. చిన్నది."

నాయన మాట్లాడలేదు. మా ఇంట్లో మౌనమంటే ఎదుటివాడు మెత్తబడుతున్నాడని. వెంటనే ఇంకో మాట నొక్కాలి, కౌంటరు గురించి అడగాలి. నొక్కలేదు. నా మాట అందే ఉంటుందిలే అని ఆగాను. కాసేపటికి ఆయన లేచి, పంచె ఎగగట్టి, నా కౌంటరు పక్కన దించిన బకెట్ల దొంతరను తనే ఎత్తి గోడౌన్‌లోకి మోసుకుపోయాడు.

ఒక బకెట్టు జారి బయటే మిగిలింది. మరునాడు దాన్ని నేను అమ్మాను. ఉన్నదున్నట్టు లెక్క చెప్పాలంటే, ఆ ఉగాదికి నా కౌంటరు చూసిన లాభం అదొక్కటే.